హాలు బయట మైకు

నేను ఒక మైకును. పెళ్ళిపందిట్లో పాటలు పాడించే మైకును కాను, గుడిలో సుప్రభాతం వినిపించే మైకునూ కాను. దారిన పోయే మనిషి మూతి దగ్గర పెట్టి "చెప్పండి సార్, ఎట్టా ఉంది?" అని అడిగే చేతిమైకును. జానెడు పొడవు, నల్లటి ఒళ్ళు, తలకు ఇనుప జల్లెడ, జల్లెడ మీద ఎర్ర స్పాంజి టోపీ. నాకంటూ సొంత మాట లేదు. ఎదుటి మనిషి మాటను పట్టి వైరులోకి పంపుతాను. మంచి మాటా, బూతు మాటా, శవం మీద పడి ఏడ్చే మాటా అన్నీ నాకు ఒకే బరువు.

ఢిల్లీ శివార్లలో ఒక రేకుల షెడ్డులో నన్ను బిగించారు. బిగించిన ఆడమనిషి నా వైరు తగిలించి, జల్లెడ దగ్గర నోరు పెట్టి, విసుగ్గా "హలో" అంది. నేను విన్న మొదటి మాట అది. ఆమె నన్ను పక్కకు నెట్టి ఇంకో మైకు అందుకుంది. ఆ తర్వాత నాలోకి మాట్లాడినవాళ్ళే గానీ నన్ను పలకరించినవాళ్ళు లేరు.

విజయవాడలో ఒక వార్తా ఛానెల్ వాళ్ళు నన్ను కొన్నారు. మెడకు తమ గుర్తున్న అట్టపెట్టె తొడిగి, పల్నాట్లో అందరూ పేట అని పిలిచే పట్టణానికి పంపారు. అక్కడ వాళ్ళ విలేకరి షేక్ మీరావలి. డిగ్రీ మధ్యలో మానేసి, ఫొటో స్టూడియోలో పనిచేసి, చివరికి విలేకరి అయిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఊరికే కంగారుపడేవాడు. కానీ నన్ను పట్టుకున్నాడంటే చెయ్యి వణికేది కాదు, గొంతు గంట కొట్టినట్టు పలికేది.

పేటలో మైకుకు పని తక్కువ ఉండదు. ఎన్నికలు దగ్గరపడితే అసలు తీరికే ఉండదు. ఎన్నిసార్లో రాళ్ళు నా తలమీదుగా పోయాయి. ఒకసారి మా ముందే నాటుబాంబు పేలి ఒక మనిషి అరచెయ్యి ఎగిరి తుమ్మకంపలో పడింది. మీరావలి గోడవారకు పోయి వాంతి చేసుకున్నాడు. నోరు కడుక్కొచ్చి, నన్ను ఎత్తి, "ప్రస్తుతం పరిస్థితి అదుపులోనే ఉంది" అని చెప్పాడు. అలా చెప్పమన్నది పోలీసులు. చెయ్యి పోయిన మనిషి అప్పటికింకా అరుస్తూనే ఉన్నాడు. ఆ అరుపు కూడా నాలోకి వచ్చింది. ఛానెల్ వాళ్ళు దాన్ని కత్తిరించేశారు.

చల్లా ఏసోబును చంపింది ఆ నాటుబాంబు పేలిన ఎన్నికల్లోనే.

ఏసోబు పత్తి మిల్లులో బస్తాలెత్తేవాడు. పేట చివరనున్న వాళ్ళ పాలెంలో నలుగురూ అతని మాట వినేవాళ్ళు. ఎమ్మెల్యే వీరనారాయణకు నమ్మిన మనిషి, పాలెం పోలింగ్ బూత్‌కు ఆయన తరఫు ఏజెంటు. ఆ ఏడు గాలి వీరనారాయణకు ఎదురుగా ఉంది. సొంత మనుషులే లోలోపల ఓటమి లెక్కలు వేసుకుంటున్నారు. రేపు పోలింగ్ అనగా సాయంత్రం, మిల్లు వెనక గడ్డిలో ఏసోబు శవం దొరికింది. వేటకొడవళ్ళతో నరికారు. ముఖం ముఖంలా లేదు. భార్య రాహేలు కాలి బొటనవేలి మీది పుట్టుమచ్చ చూసి గుర్తుపట్టింది.

వీరనారాయణ వచ్చి శవం పక్కన నేలమీద కూలబడ్డాడు. తెల్లచొక్కాకు రక్తం అంటుతున్నా లేవలేదు. మీరావలి నన్ను ఆయన ముందు పెట్టాడు. "నా కుడిచెయ్యి నరికారయ్యా! నన్నేం చెయ్యలేక నా బిడ్డను నరికారు!" అని ఏడ్చాడు. ఆ కన్నీళ్ళకు నా స్పాంజి టోపీ తడిసింది. తడికి నిజమో అబద్ధమో తెలియదు, తడి తడిగానే ఉంటుంది.

తర్వాత మీరావలి నన్ను రాహేలు ముందు పెట్టాడు. "అమ్మా, ఈ సమయంలో మీకు ఎట్టా అనిపిస్తంది?" అని అడిగాడు. ఛానెల్ వాళ్ళు తప్పకుండా అడగమన్న ప్రశ్న అది. రాహేలు నా వంక ఒకసారి చూసి చేత్తో ఒక్క తోపు తోసింది. నేను ఎగిరి రాళ్ళలో పడ్డాను. ఆ ముక్కను మాత్రం ఛానెల్ వాళ్ళు కత్తిరించలేదు. రాత్రంతా అదే వేశారు.

మర్నాడు పాలెం పాలెమంతా కదిలి ఓటు వేసింది. ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. వీరనారాయణ ఎన్నడూ లేనంత మెజారిటీతో గెలిచాడు.

ఎదుటి పార్టీవాళ్ళు ముగ్గురి మీద కేసు నడిచి యావజ్జీవం పడింది. వాళ్ళలో సాంబయ్య అనేవాడు కొడవలి పట్టుకుని పరిగెత్తుతుంటే తాను చూశానని రాహేలు కోర్టులో చెప్పింది. ఆ సాంబయ్య జైల్లోనే కామెర్లతో చనిపోయాడు. శవాన్ని తెచ్చిన రోజున మీరావలి నన్ను తీసుకుని అక్కడికీ పోయాడు. సాంబయ్య భార్య తిరుపతమ్మ ఒక్క మాటే అంది. "మా ఆయన ఆ రోజు పొలంలో మిరపకు నీళ్ళు కడతన్నాడయ్యా. ఎన్నిసార్లు జెప్పాలి?" ఆ మాట వార్తల్లో రాలేదు. వీరనారాయణ రాహేలుకు అంగన్‌వాడీలో ఆయా ఉద్యోగం ఇప్పించాడు. పాలెంలోకి దిగే మొగలో ఏసోబుకు విగ్రహం పెట్టించి, ఏటా వచ్చి దండ వేసి కళ్ళు తుడుచుకునేవాడు.

కొన్నాళ్ళకు ఛానెల్ మూతపడింది. నన్ను వెనక్కి అడిగే దిక్కు లేకపోవడంతో మీరావలి దగ్గరే ఉండిపోయాను. నా మెడనున్న అట్టపెట్టె పీకేసి, 'పేట టాక్' అని రంగుల్లో రాసిన కొత్త పెట్టె తొడిగాడు. యూట్యూబులో సొంత ఛానెల్ పెట్టాడు. భార్య హసీనా కుట్టుమిషను పని చూసుకుంటూనే ఫోను పట్టుకుని వీడియో తీసేది. శుక్రవారం వస్తే ఇద్దరూ స్కూటరు మీద విజయదుర్గ సినిమా హాలు దగ్గరికి చేరేవాళ్ళు. ఆట వదలగానే మీరావలి నన్ను జనంలోకి దూర్చేవాడు.

నా బతుకులో సుఖపడిన కాలం అదే. మనుషులు ప్రాణాల గురించి చెప్పేటప్పుడు నీళ్ళు నములుతారు గానీ సినిమా గురించి చెప్పమంటే ఎంత ధైర్యమో! లోపల గురక పెట్టి నిద్రపోయినవాడు బయటికొచ్చి "స్క్రీన్‌ప్లే టైటుగా ఉంది" అనేవాడు. అభిమాని అయితే మొదటి పాట అవ్వకుండానే బయటికొచ్చి "బొమ్మ బ్లాక్‌బస్టర్" అని అరిచి మళ్ళీ లోపలికి పరిగెత్తేవాడు. ఒకావిడ "హీరోయిను చీరలు బాగున్నాయి, కత అంటావా, అదేదో ఉందిలే" అంది. ఎవరూ ఎవర్నీ నరకలేదు. నవ్వులు నాలోకి వచ్చేవి.

అప్పుడు 'రేపే పోలింగ్' అనే సినిమా వచ్చింది.

రాజకీయాల సినిమా అన్నారు, సస్పెన్స్ అన్నారు. పోలింగుకు ముందు రోజు ఒక బూత్ ఏజెంటు హత్య అవుతుంది. ఎవరు చంపారన్నదే కథ. హీరో పోలీసు. మొదటి ఆటకు హాలు ముందు డప్పులు మోగాయి, కాగితాలు ఎగిరాయి, కుర్రకారు కటౌటుకు దండలు వేశారు. విశ్రాంతిలో బయటికొచ్చినవాళ్ళు ఈలలేస్తూ "ఆ నరికే సీను సూపరన్నా, థియేటర్ దద్దరిల్లింది" అని నాలోకి అరిచారు.

ఆట వదిలాక మాత్రం ఎవరూ అరవలేదు. తలలు దించుకుని ఒకరి వెనక ఒకరు బయటికి వస్తున్నారు. మీరావలి నన్ను ముందుకు పెడితే "బాగుంది" అని పక్కకు తప్పుకుంటున్నారు. ఎప్పుడూ నన్ను లాక్కుని మరీ మాట్లాడే కుర్రాడొకడు "మా అమ్మ ఫోన్ చేస్తంది" అని వెళ్ళిపోయాడు. మీరావలికి అర్థం కాలేదు. ఇంతలో పొగాకు కంపెనీలో పనిచేసి రిటైరైన పాపారావు అనే ముసలాయన బయటికొచ్చాడు. ప్రతి సినిమా మొదటి ఆట చూస్తాడు. మనసులో మాట దాచుకోవడం చేతగాని మనిషి.

"ఎట్టా ఉంది పాపారావు గారూ?"

"ఎట్టా ఉండటం ఏందయ్యా? మనూరి కతేగా! శవం మీద పడి ఏడిచినోడే చంపించాడంట. సానుభూతి ఓట్లకి. సొంత ఏజెంటునే." ముసలాయన నా జల్లెడకు మరీ దగ్గరగా జరిగాడు. "ఏసోబు గుర్తొచ్చాడబ్బాయా నాకు. హాల్లో అందరికీ గుర్తొచ్చాడు. అందుకే ఎవురూ మాట్టాడటంల."

హసీనా ఫోను దించేసింది. "ఇది పెట్టబాకండి," అంది మొగుడితో. "మనకొద్దు ఈ గొడవ."

"నేనేమన్నానా? జనం మాటేగా," అన్నాడు మీరావలి. కళ్ళు మెరుస్తున్నాయి. ఛానెల్ పెట్టిన దగ్గర్నుంచీ అలాంటి మాట అతనికి దొరకలేదు. హాలు మెట్ల మీద కూర్చునే వీడియో ఎక్కించేశాడు.

అదే సమయానికి హైదరాబాదు విమర్శకుల రివ్యూలు వస్తున్నాయి. హాలు బయట టీ బంకు దగ్గర ఒక ఫోన్లో నళినాక్ష్ అనే పేరున్న విమర్శకుడు మాట్లాడుతుంటే అందరూ మూగి విన్నారు. ఆయన గొంతు వెన్నలా ఉంది. "ఫస్టాఫ్ రేసీగా సాగింది. కానీ క్లైమాక్స్ ట్విస్టే సినిమాను ముంచేసింది. ఒక నాయకుడు తన సొంత మనిషినే చంపించుకుంటాడా? ఓట్ల కోసమా? ప్రేక్షకుల తెలివితేటల్ని ఇంత తక్కువ అంచనా వేయకూడదు. దర్శకుడు రాజకీయాలు కాస్త దగ్గరగా చూసి ఉండాల్సింది. నా రేటింగ్ రెండుంపావు."

టీ కాసే ఆయన ఆ ఫోను వంక చూసి, "పోనీలే, ఆయనూర్లో అట్టా జరగదేమో," అని గ్లాసులు కడుక్కోసాగాడు.

పాపారావు ఇంటికి చేరకముందే దారిలో ఇద్దరు అటకాయించి చెంపలు వాయించారు. కళ్ళజోడు పగిలి చర్మంలో గుచ్చుకుంది. ఆ కబురు తెలిసి మీరావలి వీడియో తీసేశాడు. అయితే అప్పటికే అది ఊరంతా తిరిగింది. పాలెంలో అంగన్‌వాడీ పిల్లలకు అన్నం వడ్డిస్తున్న రాహేలు దగ్గరికి కూడా చేరింది. ఆమె గరిటె పక్కన పెట్టి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నడిచి విజయదుర్గ హాలుకు వచ్చింది. మ్యాట్నీకి టికెట్టు తీసుకుంది. మా పక్కనుంచే లోపలికి పోయింది. మీరావలి ఆమెను చూసి, నన్ను వీపు వెనక దాచుకున్నాడు.

"పోదాం పదండి," అంది హసీనా.

"ఆమె బయటికొచ్చిందాకా ఉందాం. ఆ ముసలాయనకు దెబ్బలు నా వల్లే గదా. ఈమెకేమన్నా అయితే ఎవురుంటారు?" అన్నాడు. అందులో ఎంత జాలి, ఎంత ఆశ అన్నది నాకు తెలియదు. అతనికీ తెలిసి ఉండదు. గోడ నీడకు జరిగి, "లైవ్ పెట్టు," అన్నాడు భార్యతో. "తర్వాత తీసేయమన్నా ఏం లాభం, అప్పటికే అందరూ చూసుంటారు."

మ్యాట్నీ సగంలో జీపులు వచ్చాయి. ముందు దిగినవాడు అంకారావు. వీరనారాయణ చుట్టూ తిరిగేవాళ్ళలో మొదటివాడు. బండ మెడ, మెత్తటి గొంతు. వెనక కర్రలతో మనుషులు. హాలు మేనేజరు భుజం మీద చెయ్యేసి, "ఆట ఆపండి బావా, పెద్దాయన మనసు నొచ్చుకుంది," అని మెట్లెక్కి పైకి పోయాడు. మేనేజరు వెనకే పోయాడు.

వాళ్ళు ఆపేలోపే తలుపు తోసుకుని రాహేలు బయటికొచ్చింది. కాళ్ళకు చెప్పులు లేవు. ఆమె ఎవరి వంకా చూడలేదు. నేరుగా మీరావలి దగ్గరికొచ్చి, చెయ్యి చాచింది. అతను ఇవ్వలేదు. ఆమే నన్ను లాక్కుంది. ఒకప్పుడు నన్ను తోసేసిన చెయ్యే అది. ఎంత గట్టిగా పట్టుకుందంటే నా ఒళ్ళు కిరకిరలాడింది.

"నా పేరు రాహేలు. చల్లా ఏసోబు పెళ్ళాన్ని," అంది. "ఆ రోజు మజ్జానం మాయన అన్నానికి కూకున్నాడు. అంకారావొచ్చాడు. 'ఏసోబూ, ఏజెంటు కాయితాల మీద సంతకం బెట్టాలంట, మిల్లు కాడికి రా, పెద్దాయన పిలస్తన్నాడు' అన్నాడు. తిని పోవయ్యా అన్నా. వొచ్చి తింటాలే అన్నాడు. పోలీసోళ్ళకి జెప్పా. అది రాయక్కర్లేదమ్మా అన్నారు. నేనూ మర్చిపోయా. సొంత మనిషి పిలిస్తే గుర్తేముంటది? ఇయ్యాల తెర మీద అట్టాగే పిలిచారు. అట్టాగే చెయ్యి కడుక్కున్నాడు. అట్టాగే ఎల్లాడు."

జనం చుట్టూ చేరారు. హసీనా చేతిలో ఫోను కదలకుండా ఉంది.

"ఇంకో మాట జెప్పాలి. కోర్టులో నేను సాంబయ్యను చూశానని జెప్పా. నేను చూళ్ళేదు. ఎవుర్నీ చూళ్ళేదు. చూశానని జెప్పకపోతే ఆళ్ళు తప్పిచ్చుకుంటారన్నారు. ఆళ్ళే చంపారని నేను గట్టిగా నమ్మా. నమ్మి జెప్పా. ఆ మడిసి జైల్లో సచ్చాడు."

అంకారావు మెట్లు దిగి వచ్చాడు. జనం చీలి దారిచ్చారు. అతను నవ్వుతూనే ఉన్నాడు. "వొదినా, ఎండన బడి ఏంది ఇదంతా? జీపుంది, రా, ఇంటికాడ దించుతా."

రాహేలు నన్ను మూతి దగ్గర్నుంచి తియ్యలేదు. "ఇదుగో, పిలస్తన్నాడు," అంది. "ఆ రోజు గూడా ఇట్టాగే పిలిచాడు."

ఆ నవ్వు అప్పుడు పోయింది. అంకారావు ఆమె జుట్టు పట్టుకుని వంచాడు. మీరావలి "అన్నా, అన్నా" అంటూ మధ్యలోకి దూరాడు. అంకారావు ఆమె చేతిలోంచి నన్ను పీకాడు. నా వైరు తెగింది. తర్వాత జరిగినదాన్ని నేను వైరులోకి పంపలేదు, ఒంటితోనే విన్నాను. మొదటి దెబ్బ మీరావలి మూతి మీద. నా జల్లెడ అతని పళ్ళకు తగిలింది. రెండో దెబ్బకు దవడ లోపల ఏదో ఫట్టున విరిగింది. స్పాంజి ఊడిపోయింది. ఇనుప తలతో అంకారావు కొడుతూనే ఉన్నాడు. "మాట్టాడరా! ఇప్పుడు మాట్టాడు! టాక్ చెప్పరా!" అంటున్నాడు. మీరావలి పడిపోయాక కూడా మోకాళ్ళ మీద కూర్చుని కొట్టాడు. రక్తం జల్లెడలోంచి లోపలికి, నా గుండె దాకా వచ్చింది. ఇన్నేళ్ళు అతని మాట వచ్చిన దారే అది.

మిగతావాళ్ళు హాల్లోకి దూరారు. అద్దాలు పగిలాయి. కుర్చీలు పీకి విసిరారు. తెరను కొడవలితో నిలువునా చీల్చారు. అప్పటిదాకా తెర మీద హత్య చూసి ఈలలేసిన జనం అసలు దెబ్బలు చూడగానే దూరంగా పరిగెత్తి, గోడ వెనకనుంచి తొంగి చూశారు. రాహేలు మాత్రం పరిగెత్తలేదు. మీరావలి మీద బోర్లా పడిపోయి అతని తలను చేతులతో కప్పింది. కర్రలు ఆమె వీపు మీద పడ్డాయి. మోచెయ్యి విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

"చూస్తన్నారు!" అని ఎవరో కేక పెట్టారు. హసీనా. టికెట్ల గదిలోకి దూరి లోపల గడియ పెట్టుకుని, కిటికీ కన్నంలోంచి ఫోను బయటికి పెట్టింది. "లైవ్‌లో ఉందిరా! రాష్ట్రమంతా చూస్తంది! కొట్టు! ఇంకా కొట్టరా అంకారావూ, నీ మొగం బాగా కనపడతంది!"

అంకారావు చెయ్యి గాల్లో ఆగింది. నా వంక చూశాడు, ఫోను వంక చూశాడు. నన్ను కాలవలోకి విసిరేసి జీపెక్కాడు.

సినిమాల్లో లాగే పోలీసులు ఆఖర్న వచ్చారు. ఒక కానిస్టేబులు నన్ను కర్రతో పైకి లాగి, రుమాలులో చుట్టి, సంచిలో వేసి లక్కతో సీలు కొట్టాడు. మైకునల్లా కేసులో వస్తువునయ్యాను.

ఆ తర్వాతి సంగతులు పోలీస్ స్టేషన్ గదిలో, కోర్టు గదిలో మనుషుల మాటల్లో విన్నవే. హసీనా తీసిన వీడియో దేశమంతా తిరిగింది. 'రేపే పోలింగ్' సినిమాకు జనం విరగబడ్డారు. నిర్మాతలు పోస్టర్ల మీద 'నిప్పులాంటి నిజం' అని కొత్తగా అచ్చేయించారు. కథ రాసిన ఆయన మాత్రం టీవీలో బిక్కమొహం వేసుకుని, తాను పేట ఎప్పుడూ చూడలేదనీ, ఆ క్లైమాక్స్ ఏదీ తోచక రాసినదనీ చెప్పాడు. నళినాక్ష్ గారు మరో వీడియో చేసి, ఈ సినిమాను మొదటిసారి చూసినప్పుడు దాని లోతు అందరికీ అందలేదని అన్నారు. ఆ 'అందరిలో' తానూ ఉన్నానని అనలేదు. రేటింగు మూడున్నర చేశారు.

పాత కేసు మళ్ళీ తిరగతోడారు. సాంబయ్యతో పాటు జైలుకుపోయిన మిగతా ఇద్దరికీ బెయిలు దొరికింది. అంకారావును అరెస్టు చేశారు. వీరనారాయణ మీద విచారణ నడుస్తూనే ఉంది, ఆయన మళ్ళీ పోటీ చేయలేదు. కొడుకును నిలబెట్టాడు. కొడుకు గెలిచాడు. రాహేలు ఉద్యోగం పోయింది, ఇంటి మీద రాళ్ళు పడ్డాయి, అబద్ధపు సాక్ష్యం చెప్పినందుకు ఆమె మీదా కేసు పెట్టారు. మీరావలి దవడకు తీగ కట్టారు. చాలాకాలం మాట లేదు. వచ్చిన మాట ముందరి పళ్ళు లేక ఈలలా వస్తోందట. ఇప్పుడు శుక్రవారాలు హసీనా మైకు పట్టుకుంటుంది, మీరావలి ఫోను పట్టుకుంటాడు. కొత్త మైకు. దాన్ని నేను చూడలేదు.

మీరావలి మీద దాడి కేసు విచారణకు వచ్చినప్పుడు సంచి సీలు విప్పి నన్ను బల్ల మీద పెట్టారు. రాహేలు బోనెక్కింది. చెయ్యి వంకరగా అతుక్కుంది. అంకారావు వకీలు కోటు సర్దుకుని లేచాడు.

"సినిమా చూసిన ఆవేశంలో నోటికొచ్చింది చెప్పావు. అవునా?"

"సినిమా చూశాకే చెప్పానయ్యా. అది నిజమే."

"ఆ సినిమాలో చూపించింది జరగడానికి వీల్లేదని పెద్ద పెద్ద విమర్శకులే అన్నారు." వకీలు ఒక కాగితం తీసి, నళినాక్ష్ గారి మొదటి రివ్యూలోంచి రాసుకొచ్చిన మాటలు చదవడం మొదలుపెట్టాడు. ప్రేక్షకుల తెలివితేటల్ని తక్కువ అంచనా వేయకూడదు అన్న ముక్క దగ్గర గొంతు పెంచాడు.

"రివ్యూలు కూడా సాక్ష్యమేనా వకీలు గారూ?" అన్నాడు మేజిస్ట్రేటు.

"ఆ మాటన్నాయన మా మిల్లెనక్కి ఎప్పుడన్నా వొచ్చాడేమో కనుక్కోండయ్యా," అంది రాహేలు. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. అంకారావు మాత్రం నా వంకే చూస్తున్నాడు. తర్వాత అతనికి ఆ కేసులో శిక్ష పడింది. హత్య కేసు ఇంకా నడుస్తోంది.

రాహేలు సాక్ష్యం చెప్పిన ఆ రోజే, భోజనాల వేళ గుమస్తా నన్ను ఈసారి ఒక పెట్టెలో పెట్టి, పెట్టెను వరండా కిటికీ దగ్గర ఉంచి, సీలుకు లక్క తేవడానికి పోయాడు. వరండాలో బెంచీ మీద రాహేలు ఒక్కతే కూర్చుంది. ఆమె పక్కన కూర్చోవడానికి ఎవరూ రాలేదు. అవతలి స్తంభం దగ్గర్నుంచి తిరుపతమ్మ లేచి వచ్చింది. ఆమె ప్రతి వాయిదాకూ వస్తోందట. రాహేలు ముందు నిలబడి, చెంప ఛెళ్ళుమనిపించింది. వరండా అంతా ఇటు తిరిగింది. ఒక కానిస్టేబులు రెండడుగులు వేసి ఆగాడు.

"మిరపకు నీళ్ళు కడతన్నాడే," అంది తిరుపతమ్మ. "ఆ మడిసి మిరపకు నీళ్ళు కడతన్నాడు!"

"ఇంకా కొట్టొదినా," అంది రాహేలు. చెంప మీద చెయ్యి కూడా పెట్టుకోలేదు.

తిరుపతమ్మ చెయ్యి లేచింది గానీ దిగలేదు. పోయి బెంచీకి రెండో చివర కూలబడింది. ఇద్దరూ ఎదురుగా ఉన్న కోర్టు ఆవరణ వంక చూస్తూ కూర్చున్నారు. వకీళ్ళు నల్లకోట్లు భుజాన వేసుకుని క్యారియర్లు విప్పుకుంటున్నారు.

"ఆ సినిమా నువ్వు చూశావంటగా," అంది తిరుపతమ్మ.

"చూశా. ఆఖరు చూళ్ళేదు. లేచొచ్చేశా."

"నేను అసలు చూళ్ళేదు. నాకు హాలుకెల్లాలంటే ఒణుకు." కొంగు సర్దుకుంది. "ఏముందో చెప్పు దాంట్లో. మొదట్నించీ చెప్పు."

రాహేలు చెప్పడం మొదలుపెట్టింది. పాటలు వదిలేసింది, హీరోను దాదాపు వదిలేసింది. మిల్లు, జెండాలు, ఏజెంటు ఇల్లు, పళ్ళెంలో అన్నం చెప్పింది. ఆమె గొంతు ఎక్కడా హెచ్చలేదు. తిరుపతమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వింటోంది.

"అప్పుడు ఒకడొచ్చి వాకిట్లో నిలబడి పిలుస్తాడు."

"ఎల్తాడా?"

"ఎల్తాడు."

"కూడు కాడినించి లేచి? ఎందుకెల్లాడే, పిచ్చి మడిసి?"

"పిలిచింది మనోళ్ళే గదా," అంది రాహేలు.

తిరుపతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గుమస్తా లక్క కరిగించుకుని వచ్చి పెట్టె మూత అందుకున్నాడు. మూత పడుతుండగా ఆమె గొంతు వినిపించింది.

"ఊఁ. తర్వాత చెప్పు."